నమూనా రైలుదారిలో ఎరువుల గూడ్సు షెడ్డు

పెద్దదానిని చిన్నదిగా చేసి చూసుకోవాలనే కుతూహలం మానవునికి అనాదిగా ఉంది. సంక్రాంతి నాటి బొమ్మల కొలువులో ఊరంతా మూడు మెట్ల మీద ఒదిగిపోతుంది. కొండపల్లి పొనికి కర్రలో, ఏటికొప్పాక లక్క బొమ్మలో మన జీవితమే గుప్పిట్లో పట్టేంత రూపం దాలుస్తుంది. వంశధారా తీరాన ఉన్న శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయాన్ని దర్శించినవారికి ప్రధాన ఆలయంతోపాటు మూలల్లో చిన్న గుళ్ళు, వాటి శిఖరాలు కనిపిస్తాయి. ఒకే రూపం పెద్దదిగానూ చిన్నదిగానూ నిలిచినా కంటికి ఎబ్బెట్టుగా తోచదు. దానికి కారణం ప్రమాణం. మన శిల్పులు దానిని తాళమానం అన్నారు. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, నవతాళ విగ్రహమైతే మొత్తం ఎత్తు దానికి తొమ్మిది రెట్లు ఉండాలని నియమించారు. విగ్రహం జానెడైనా నిలువెత్తైనా ఈ నిష్పత్తి మారదు.

ఈ నియమాన్నే ఆధునిక యంత్రాలకు అన్వయించే కళ ఒకటి ఉంది. అదే నమూనా రైలుదారి నిర్మాణం. పట్టాలు, పెట్టెలు, స్టేషన్లు, వంతెనలు, పొలాలు, మనుషులు - అన్నింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, విద్యుత్తుతో నడిచేటట్లు చేయడం ఇందులోని పని. జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో ప్రామాణిక కొలతలు గల బొమ్మ రైళ్ళను ప్రదర్శించింది. అప్పటినుండి ఈ విద్య బాలల ఆటగా మొదలై పెద్దల సాధనగా ఎదిగింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు 1946లో ఒక నమూనా రైలు సంఘాన్ని స్థాపించారు. దాని సంకేత వ్యవస్థను అమర్చుతూ చేయి తిరిగినవారిలో కొందరు తరువాత తొలితరం కంప్యూటర్ నిపుణులయ్యారు. మన దేశంలో పూణే నగరంలోని జోషీ సూక్ష్మ రైల్వేల మ్యూజియం 1998 నుండి సందర్శకులను ఆకర్షిస్తున్నది. హాంబర్గ్ నగరంలో 2001లో ప్రారంభమైన సూక్ష్మప్రపంచ ప్రదర్శన ఈ రంగంలో జగత్ప్రసిద్ధమైనది.

గమ్యం లేని రైలు

కొత్తగా ఈ పనికి పూనుకున్నవారు ముందుగా గుండ్రంగా పట్టాలు పరచి రైలును తిప్పుతారు. ఆ ఆనందం మూడు రోజుల ముచ్చట. నాలుగవ రోజున మనసులో ఒక ప్రశ్న పుడుతుంది: ఈ రైలు ఎక్కడి నుండి వస్తున్నది, ఎందుకు వస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన నమూనాయే సార్థకం. అందుచేత అనుభవజ్ఞులు స్టేషన్ కంటె ముందు సరుకును ఎంచుకుంటారు. సరుకు తెలిస్తే పెట్టె తెలుస్తుంది; పెట్టె తెలిస్తే ప్లాట్‌ఫారం, గిడ్డంగి, లారీ, కూలీ అన్నీ వరుసగా తెలుస్తాయి.

శ్రీకాకుళం వంటి వరిసాగు జిల్లాకు రైలు తెచ్చే సరుకులలో రైతు ప్రాణంతో ముడిపడినది ఎరువు. ఖరీఫ్‌లో జులై, ఆగస్టు నెలలలో నాట్లు పడతాయి. నాటిన తరువాత దుబ్బు చేసే దశలో ఒకసారి, అంకురం తొడిగే దశలో మరొకసారి పైరుకు నత్రజని అందాలి. ఆ రోజులు దాటిన తరువాత బస్తా ఉచితంగా ఇచ్చినా చేనికి ప్రయోజనం స్వల్పమే. కాబట్టి ఎరువుల రేక్ స్టేషన్‌కు చేరే తేదీ కేవలం రైల్వే కాగితాలలోని అంకె కాదు. అది పంట భవితవ్యం. ఈ సత్యాన్ని కళ్ళకు కట్టించే నమూనాకు ఎరువుల గూడ్సు షెడ్డును మించిన వస్తువు లేదు.

రెండు కాలాలు, రెండు పట్టాలు

నమూనాకు స్థలంతోపాటు కాలాన్నీ నిర్ణయించుకోవాలి. శ్రీముఖలింగం పరిసరాలకు ఈ విషయంలో ఒక విశిష్టత ఉంది. ఈ సీమకు రెండు రకాల రైళ్ళతో పరిచయం ఉంది. ఒకటి హౌరా-చెన్నై ప్రధాన మార్గం. నౌపడా, తిలారు, ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లు ఈ మార్గంలోనివే. రెండవది నౌపడా నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి సాగిన చిన్న రైలు. పర్లాకిమిడి సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి పూనికతో నిర్మితమైన ఈ దారిలో 1900లో రాకపోకలు మొదలయ్యాయి. 1931 నాటికి అది గుణుపురం వరకు విస్తరించింది. దాని పట్టాల నడుమ దూరం రెండున్నర అడుగులు, అనగా 762 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రధాన మార్గంలో ఆ దూరం 1,676 మిల్లీమీటర్లు.

గేజి మారినచోట సరుకు ఒక పెట్టె నుండి మరొక పెట్టెకు మనిషి భుజం మీదుగానే మారాలి. నౌపడా ఉప్పు కొఠార్ల ఉప్పు, వంశధారా లోయ ధాన్యం వంటి సరుకులకు నౌపడా కూడలిలో ఈ రెండో మోత తప్పేది కాదు. 2004లో చిన్న రైలు ఆగిపోయింది. దారిని వెడల్పు చేసిన తరువాత 2010లో పర్లాకిమిడి వరకు, 2011లో గుణుపురం వరకు పెద్ద రైళ్ళు నడిచాయి. ప్రయాణం సుకరమైంది, సరుకు మార్చే శ్రమ తొలగింది. కాని నూరేళ్ళకు పైగా సాగిన ఒక పని తీరు, దానితోపాటు దాని పరికరాలు, దాని మాటలు కనుమరుగయ్యాయి.

విద్యార్థి నమూనాను 1960 నాటిదిగా చేయదలిస్తే ఎడ్లబండ్లు, గోనె సంచులు, ఆవిరి ఇంజను ఉండాలి. నేటిదిగా చేయదలిస్తే లారీలు, ట్రాక్టర్లు, ప్లాస్టిక్ నేత సంచులు ఉండాలి. సంచి కూడా కాలాన్ని చెబుతుంది. 2018కి పూర్వం యూరియా బస్తా 50 కిలోలు. తరువాత 45 కిలోలు. 2022 నుండి సంచి మీద 'భారత్' అనే ఉమ్మడి పేరు ముద్రితమవుతున్నది. ఎడ్లబండి మీద 'భారత్ యూరియా' సంచిని పెట్టి 1960 అని చెప్పిన నమూనా, ద్వాపరయుగంలో గడియారం చూపిన నాటకం వంటిది.

ప్రమాణం

ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్న నమూనా నిష్పత్తి 1:87. అనగా అసలు వస్తువులో 87 సెంటీమీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు. ఐదున్నర అడుగుల మనిషి ఇక్కడ 19 మిల్లీమీటర్లు. ఏడడుగుల తలుపు దాదాపు 24 మిల్లీమీటర్లు. సరుకు ఎక్కించి దించే ప్లాట్‌ఫారం పట్టాల మీద నుండి మీటరుకు కొంచెం పైన ఉంటుంది. నమూనాలో అది 12 మిల్లీమీటర్లు. పెట్టె అడుగు భాగమూ ప్లాట్‌ఫారమూ ఇంచుమించు సమానంగా ఉండటం వల్లనే కళాసీ బస్తాతో నేరుగా నడిచి రాగలుగుతున్నాడు. ఈ ఎత్తు తప్పితే నమూనాలోని కళాసీ గాలిలో అడుగు వేయవలసి వస్తుంది.

ఇక పట్టాల విషయం. ఈ నిష్పత్తికి బజారులో దొరికే పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. అది ఐరోపా, అమెరికాల గేజికి సరిపోతుంది. మన పెద్ద గేజిని 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే బజారు పట్టా మనకు దాదాపు ఏడవ వంతు ఇరుకు. చాలామంది ఈ లోపాన్ని సహించి దొరికిన పట్టానే వాడతారు. నియమనిష్ఠ గలవారు స్వయంగా పట్టాలు పేర్చుకుంటారు. చిత్రమేమంటే, మన చిన్న రైలు గేజి 762ను 87తో భాగిస్తే 8.8 మిల్లీమీటర్లు వస్తుంది. మరొక నిష్పత్తి కోసం తయారయ్యే 9 మిల్లీమీటర్ల పట్టా దీనికి దాదాపు అచ్చుగుద్దినట్లు సరిపోతుంది. పర్లాకిమిడి చిన్న రైలును నమూనాగా చేయదలచినవారికి ఇది వరం.

రేక్ పొడవు అసలైన పరీక్ష. ఎరువులను మూతగల బోగీ వ్యాగన్లలో తెస్తారు. అటువంటి ఒక వ్యాగన్ పొడవు దాదాపు పద్నాలుగున్నర మీటర్లు. 42 వ్యాగన్ల రేక్ ఆరు వందల మీటర్లు దాటుతుంది. నమూనాలో ఒక వ్యాగన్ 16.6 సెంటీమీటర్లు, పూర్తి రేక్ దాదాపు ఏడు మీటర్లు. మన ఇళ్ళలో ఏడు మీటర్ల గది ఎందరికి ఉంటుంది? కాబట్టి ఆరు వ్యాగన్లతో సరిపెట్టుకోవాలి. అవి ఒక మీటరులో ఇముడుతాయి. ఇంజను మరొక పావు మీటరు. ఇట్లా సంఖ్యను తగ్గించడాన్ని సంక్షేపం అనవచ్చు.

సంక్షేపానికి ఒక నియమం ఉంది. వ్యాగన్ల సంఖ్యను తగ్గించవచ్చు. వ్యాగన్‌ను పొట్టిది చేయరాదు. అరవై మీటర్ల షెడ్డు నమూనాలో 69 సెంటీమీటర్లు కావలసి ఉండగా 35కు కుదించవచ్చు. కాని దాని తలుపు ఎత్తును, బస్తా పరిమాణాన్ని, మెట్టు ఎత్తును కుదించరాదు. మనిషి తాకే ప్రతి వస్తువుకూ మనిషే కొలమానం. తాళమానం చెప్పిన రహస్యం ఇదే.

గూడ్సు షెడ్డు పని తీరు

పని తెలియకుండా కట్టిన షెడ్డు ఖాళీ పెట్టె. అందుచేత సరుకు నడకను ముందుగా గ్రహించాలి. విశాఖపట్నంలో కోరమాండల్ కర్మాగారం 1967లో ఉత్పత్తి ప్రారంభించినప్పటి నుండి సంయుక్త ఎరువులకు ప్రసిద్ధి చెందింది. ఇట్లా కర్మాగారాలలో తయారైన ఎరువులు, ఓడలలో వచ్చి రేవులో సంచులకెక్కిన ఎరువులు రేక్‌లుగా బయలుదేరుతాయి. రేక్ స్టేషన్‌కు చేరగానే ప్రధాన మార్గం నుండి తప్పించి గూడ్సు లైనులోకి మళ్ళిస్తారు. అక్కడి వ్యాగన్ ఒక్కటి పొరపాటున దొర్లి ప్రధాన మార్గం మీదికి రాకుండా ట్రాప్ పాయింట్ అనే రక్షణ ఏర్పాటు ఉంటుంది. నమూనాలో దీనిని కూడా చూపించాలి. ప్రయాణికుల ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉంటాయి.

సరుకుదారు రైల్వే రసీదును చూపి సరుకును స్వాధీనం చేసుకుంటాడు. ఒక్కొక్క వ్యాగన్‌లో సుమారు 62 టన్నులు, అంటే 45 కిలోల బస్తాలు 1,370కి పైగా ఉంటాయి. మొత్తం రేక్‌లో దాదాపు 58 వేల బస్తాలు! ఇవన్నీ నిర్ణీత గడువులోగా దిగాలి. వ్యాగన్లను గడువు మించి నిలిపితే డెమరేజి, దించిన సరుకును ప్లాట్‌ఫారం మీద గడువు మించి ఉంచితే వార్ఫేజి చెల్లించాలి. అందుచేత అర్ధరాత్రి రేక్ వచ్చినా కళాసీలు దీపాల వెలుగులో పనిలో దిగుతారు. బస్తాలలో కొన్ని నేరుగా లారీలకెక్కి గోదాములకు, అక్కడి నుండి సహకార సంఘాలకు, డీలర్లకు, రైతు సేవా కేంద్రాలకు చేరుతాయి. లారీ అందని బస్తాలు షెడ్డులో నెట్టు కడతాయి.

యూరియాకు తేమను పీల్చుకునే గుణం ఉంది. తడిస్తే గడ్డకట్టి చేనిలో సమంగా చల్లడానికి పనికిరాదు. రేక్‌లు ముమ్మరంగా వచ్చే కాలమే వానకాలం కావడం ఇందులోని చిక్కు. అందువల్ల షెడ్డుకు వెడల్పైన చూరు, బస్తాల కింద చెక్క బల్లలు, లారీల మీద టార్పాలిన్లు అవసరం. నమూనాలో చూరును ప్లాట్‌ఫారం అంచు దాటేటట్లు కట్టడం అలంకారం కోసం కాదు, ఎరువు తడవకుండా ఉండటం కోసం.

నిర్మాణం

ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక ఈ నమూనాకు చాలును. ముందు భాగంలో ప్రధాన మార్గం, దాని వెనుక గూడ్సు లైను, దానిని ఆనుకొని ప్లాట్‌ఫారం, షెడ్డు, ఆ వెనుక లారీల ఆవరణ. పలకకు ఒక చివర ఒకటిన్నర మీటర్ల మరో చిన్న పలకను జోడించి తెరతో మరుగుపరచాలి. తోలుబొమ్మలాటలో తెర వెనుక వేచి ఉన్న బొమ్మ వలె రైలు అక్కడ వేచి ఉండి, సమయానికి రంగప్రవేశం చేస్తుంది. చూపరులకు ఆ తెర వెనుక భాగమే విశాఖపట్నం.

సామగ్రికి వ్యయం స్వల్పం. గోడలకు దళసరి అట్ట, సిమెంటు రేకుల కప్పుకు ముడతల అట్ట, స్తంభాలకు వెదురు పుల్లలు సరిపోతాయి. పట్టాల కింది కంకరకు జల్లించిన రాతి పొడి, ఆవరణలోని నేలకు వంశధార ఇసుకలో బంకమన్ను కలిపిన పూత, పచ్చికకు రంగు వేసిన రంపపు పొట్టు, వరి మళ్ళకు కుంచె వెంట్రుకలు, తాటిచెట్లకు వైరు చుట్టిన కాగితం వాడవచ్చు. బస్తాను మట్టితో సెంటీమీటరు పొడవున చేసి, ఆరకముందే కొద్దిగా నొక్కాలి. నిండిన సంచి ఎన్నడూ ఇటుక వలె చదరంగా ఉండదు. కింది సంచి పై సంచి బరువుకు ఒదుగుతుంది. షెడ్డును కొత్తగా మెరిసేటట్లు వదలరాదు. నీరు కారిన చోట నల్లని చార, బస్తాలు రాసుకున్న చోట తెల్లని పొడి, లారీ చక్రాలు దిగబడిన చోట గుంటలు ఉంటేనే అది పనిచేస్తున్న షెడ్డు అవుతుంది.

విద్యుత్తు విషయంలో సూత్రం సులభం. రెండు పట్టాలు రెండు తీగల వలె పనిచేస్తాయి. వాటి ద్వారా 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఇంజను లోపలి మోటారుకు అందుతుంది. వోల్టేజిని పెంచితే వేగం పెరుగుతుంది. ధన, రుణ ధ్రువాలను తారుమారు చేస్తే రైలు వెనుకకు నడుస్తుంది. గూడ్సు లైనులో ఒక పట్టాను కొద్దిగా కోసి వేరుచేసి, అక్కడ మీట అమర్చితే ఆ లైనులోని ఇంజనును ఆపి, ప్రధాన మార్గంలో మరో రైలును నడపవచ్చు. ఇంటి కరెంటును నేరుగా పట్టాలకు కలపడం ప్రాణాపాయం. తగిన పవర్ యూనిట్‌ను మాత్రమే వాడాలి.

నమూనా పూర్తయిన తరువాత దానిని నడిపే విధానంలోనూ జీవం ఉండాలి. చిన్న అట్టముక్కల మీద రైల్వే రసీదులు రాసుకుని, ఒకరు స్టేషన్ మాస్టరుగా, ఒకరు డ్రైవరుగా, ఒకరు సరుకుదారుగా వ్యవహరించవచ్చు. గడియారం పెట్టుకుని గడువులోగా వ్యాగన్లన్నీ ఖాళీ చేయగలరేమో చూడవచ్చు. లారీలు ఆలస్యమైతే ఏమవుతుంది? వాన మొదలైతే ఏ బస్తాలను ముందుగా కాపాడాలి? రేక్ సగం మాత్రమే వస్తే ఏ మండలానికి ఎన్ని బస్తాలు? ఈ ప్రశ్నలు ఆటలో పుడతాయి. వాటి సమాధానాలు జిల్లా పరిపాలనలో ప్రతి ఖరీఫ్‌లోనూ వెతుకుతూనే ఉంటారు.

చూపు, మాట, బాధ్యత

నమూనా నిర్మాతకు మొదటి పరికరం కత్తెర కాదు, కన్ను. రెండవది చెవి. శ్రీముఖలింగానికి చేరువలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులు ముఖలింగ శాసనాలను శ్రద్ధగా పరిశీలించారు. సవరల భాషను వారి నోటనే విని నేర్చారు. ప్రజల వాడుక భాషకు పట్టం కట్టారు. శిల మీది అక్షరానికీ మనిషి నోటి మాటకూ సమానంగా విలువనిచ్చిన ఆ దృష్టి మనకు మార్గదర్శకం. కాబట్టి షెడ్డులో పనిచేసేవారు దేనిని ఏ పేరుతో పిలుస్తారో అదే పేరును రాసుకోవాలి. నెట్టు, మోపు, కాటా, హమాలీ, కళాసీ - ఈ మాటలు నిఘంటువులో నుండి పుట్టినవి కావు, పనిలో నుండి పుట్టినవి.

కొలతల కోసం పట్టాల మీదికి వెళ్ళరాదు. అనుమతి లేకుండా రైల్వే ఆవరణలో ప్రవేశించడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం. అంతకు మించి ప్రాణాంతకం. స్టేషన్ మాస్టరు అనుమతితో, పెద్దల తోడుతో చూడాలి. దూరం నుండి తీసిన ఛాయాచిత్రంలో తెలిసిన కొలత గల వస్తువు ఒకటి ఉంటే మిగిలిన కొలతలను త్రైరాశికంతో రాబట్టవచ్చు.

చిన్న రైలు ఆగిపోయిన 2004 నాటికి నేటి ఇంటర్మీడియట్ విద్యార్థులు పుట్టనేలేదు. దానిని ఎక్కినవారు, దానిలో బస్తాలు మార్చినవారు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. ప్లాట్‌ఫారం ఎంత ఎత్తు, తలుపు ఏ వైపు తెరుచుకునేది, ఒక బస్తాను ఇద్దరు ఎత్తేవారా ఒక్కరే మోసేవారా అన్నది వారికి తెలుసు. వారిని అడిగి రాసుకుంటే నమూనా చరిత్రకు సాక్ష్యమవుతుంది. అడగకపోతే ఊహాచిత్రంగా మిగులుతుంది. గంగరాజుల రాజధాని కళింగనగరం నేడు మనకు శాసనాల ద్వారా, ఆలయాల ద్వారా మాత్రమే తెలుస్తున్నది. ఆనాటి అంగడిలో ధాన్యపు బస్తాను ఎవరు మోశారో, ఏ బండి మీద తరలించారో చెప్పే శిల్పి లేకపోయాడు. రాజును గురించి శాసనం ఉంది. మోతకాని గురించి లేదు. ఆ కొరతను మన కాలానికైనా రానీయకుండా చూడటం చదువుకున్నవారి కర్తవ్యం.

రెండడుగుల పలక మీద 19 మిల్లీమీటర్ల కళాసీ ఒకడు సెంటీమీటరు బస్తాను వీపున వేసుకుని వంగి నడుస్తుంటాడు. అతని నడుము వంపు సరిగా కుదిరితే, చూసినవారికి బస్తా బరువు తెలుస్తుంది. తాను తినే అన్నం వెనుక ఎందరి భుజాలున్నాయో తెలుస్తుంది. నమూనా ఎంత చిన్నదైనా, అది చూపించే సత్యం చిన్నది కాదు.

కఠిన పదాలకు అర్థాలు

అనాది = మొదలు తెలియని కాలం
ఎబ్బెట్టు = చూడటానికి బాగుండనిది
సార్థకం = ప్రయోజనం కలది
భవితవ్యం = జరగబోయేది
సుకరం = తేలికైనది
సంక్షేపం = కుదింపు
త్రైరాశికం = తెలిసిన మూడు రాశుల నుండి నాల్గవదానిని కనుగొనే గణిత పద్ధతి
నెట్టు = ఒకదానిపై ఒకటిగా పేర్చిన బస్తాల వరుస

ప్రశ్నలు

1. నమూనా నిర్మాణంలో సంక్షేపానికి గల నియమాన్ని ఉదాహరణలతో వివరించండి.
2. ఎరువుల రేక్ స్టేషన్‌కు చేరినది మొదలు రైతుకు అందే వరకు జరిగే పనులను వరుసగా రాయండి.
3. 'మనిషి తాకే ప్రతి వస్తువుకూ మనిషే కొలమానం' - ఈ వాక్యాన్ని తాళమానంతో సమన్వయించండి.
4. మీ ఊరిలో కనుమరుగైన ఒక పని తీరును గురించి పెద్దలను అడిగి, వారు వాడిన మాటలతోనే ఒక పుట రాయండి.